నీలం రాయి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నీలం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చివరికి ఒక్క సందేహం దగ్గరికే చేరుతున్నాయి: రాయి చూడ్డానికి బాగుంది, కానీ ఆ రంగును నమ్మవచ్చా? అందుకే రాయిని వేడి చేయడం గురించీ, నకిలీల గురించీ ఈసారి కాస్త విపులంగా రాశాం.

ప్రశ్న: కెంపూ నీలమూ ఒకే రాయి అంటారు. మరి ఒకటి ఎర్రగా, ఇంకొకటి నీలంగా ఎందుకుంటాయి?

జవాబు: రెండూ కురువిందమే. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి కట్టిన స్ఫటికం అది. అందులో వేరే మూలకమేదీ చేరకపోతే దానికి రంగే ఉండదు, నీళ్లలా తేటగా ఉంటుంది. అల్యూమినియం ఉండాల్సిన చోట కాసింత క్రోమియం చేరితే కెంపు అవుతుంది. ఇనుము, టైటానియం రెండూ చేరితే నీలం అవుతుంది. ఇక్కడ ‘రెండూ’ అన్న మాట ముఖ్యం. టైటానియం ఒక్కటే ఉంటే రాయికి రంగు రాదు. ఇనుము ఒక్కటే ఉంటే లేత పసుపో, ఆకుపచ్చ ఛాయో వస్తుంది, అంతే. ఇవి పక్కపక్కన కుదురుకున్నప్పుడు ఇనుము నుంచి టైటానియానికి ఒక ఎలక్ట్రాన్ దూకుతుంది. ఆ దూకుడుకు కావలసిన శక్తిని కాంతిలోని పసుపు, ఎరుపు భాగాల నుంచి లాక్కుంటుంది. మిగిలిన నీలి కాంతే మన కంటికి చేరుతుంది. ఈ రెండు మూలకాలూ ఒక శాతంలో కొన్ని వందో వంతులు ఉంటే చాలు, రాయి చిక్కటి నీలంగా మారుతుంది.

రంగు ఇంత కొద్దిపాటి పదార్థం మీద ఆధారపడింది కాబట్టే, స్ఫటికం పెరిగే కాలంలో ఈ మూలకాలు ఎక్కువ అందినప్పుడు ఒక పొర ముదురుగా, తక్కువ అందినప్పుడు ఇంకో పొర లేతగా ఏర్పడతాయి. నీలాన్ని వెనక నుంచి చూస్తే కనిపించే తిన్నని చారలు అవే. ఈ చారల ప్రస్తావన కింద మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ప్రశ్న: కాశ్మీరు నీలానికి అంత పేరెందుకు? మిగతా చోట్ల దొరికేవి తక్కువ రకమా?

జవాబు: 1881 ప్రాంతంలో హిమాలయాల్లోని పాడర్ ప్రాంతంలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున కొండచరియ విరిగిపడి ఈ నీలాలు బయటపడ్డాయి. మంచు కరిగి ఉండే కొద్ది నెలలే అక్కడ తవ్వడానికి వీలు. 1882 నుంచి 1887 వరకు దొరికిందే అసలు సిరి. తరవాత ఎన్నిసార్లు తవ్వినా ఆ స్థాయి సరుకు మళ్లీ రాలేదు.

కాశ్మీరు నీలంలో ప్రత్యేకత ముదురుదనం కాదు, మెత్తదనం. రాయి లోపల అతి సూక్ష్మమైన రేణువులు పొగమంచులా పరుచుకుని ఉంటాయి. లోపలికి వెళ్లిన కాంతిని అవి అన్ని వైపులకూ చెదరగొడతాయి. అందువల్ల నల్లగా ఉండిపోవాల్సిన మూలలకు కూడా నీలి వెలుగు అందుతుంది. చూసేవాళ్లు దాన్ని ముఖమల్ గుడ్డతో పోలుస్తారు. నిజానికి ఆ రేణువుల వల్ల రాయి తేటదనం కొంచెం తగ్గుతుంది. అయినా అందం పెరుగుతుంది. వజ్రానికి వర్తించే ‘లోపల ఏమీ ఉండకూడదు’ అన్న సూత్రాన్ని నీలానికి అంటగట్టకండని మేం పదేపదే చెప్పేది ఇందుకే.

మయన్మార్‌లోని మొగోక్ నీలాలు నిండైన, లోతైన రంగుకు పేరుపడ్డాయి. శ్రీలంక నీలాలు సాధారణంగా కొంచెం లేతగా ఉంటాయి గానీ వెలుగు ఎక్కువ. మడగాస్కర్‌లోని ఇలకాక గనులు 1998లో బయటపడ్డాయి. అక్కడి రాళ్లు చాలావరకు శ్రీలంక రాళ్లకు దగ్గరగా ఉంటాయి. అమెరికాలోని మోంటానాలో యోగో గల్చ్ నీలాల రంగు రాయంతటా సమంగా ఉంటుంది, కానీ పెద్ద రాళ్లు అరుదు. ఆస్ట్రేలియా నీలాలు లావా రాళ్లతో పాటు పైకి వచ్చినవి. వాటిలో ఇనుము ఎక్కువ కాబట్టి సిరా రంగులోకి, ఒక్కోసారి ఆకుపచ్చ నీలంలోకి పోతాయి. ఇవన్నీ స్థూలంగా చెప్పే పోలికలే. కాశ్మీరులో కూడా పాలిపోయిన రాళ్లు దొరికాయి, ఆస్ట్రేలియాలో కూడా చక్కటి నీలాలు దొరుకుతాయి. ముందు రాయిని చూడండి, ఊరి పేరు తరవాత.

ప్రశ్న: దుకాణంలో ధగధగలాడిన నీలం ఇంటికొచ్చాక సాయంత్రం పూట నల్లగా కనిపిస్తోంది. మోసపోయానా?

జవాబు: మోసం కాకపోవచ్చు. దుకాణాల్లో రాళ్ల మీద పడే సూటి దీపాలు ముదురు రాయిలోకి కూడా వెలుగు నింపుతాయి. వాటిలో చాలా దీపాల కాంతి నీలం వైపు మొగ్గుతుంది కూడా. పసుపుపచ్చటి బల్బు కాంతిలో నీలి భాగం తక్కువ. రాయి పంపడానికి నీలం అక్కడ లేనప్పుడు మసకగా, బూడిద రంగులో కనిపించడం సహజం. మంచి నీలం ఆ వెలుతురులో కూడా నీలంగానే నిలబడాలి. మేం పెట్టే మొదటి పరీక్ష ఇదే.

చూసే పద్ధతి ఇది. ఎండ తగలని కిటికీ దగ్గర పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద రాయిని పెట్టండి. తరవాత రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి చాచినంత దూరంలో మెల్లగా ఊపండి. రెండు లోపాల కోసం వెతకాలి. ఒకటి, నడిమధ్యన రంగు లేని కిటికీ లాంటి ఖాళీ. రాయి అడుగు భాగం మరీ పలచగా కోసినప్పుడు లోపలికి వెళ్లిన కాంతి వెనక్కి తిరగకుండా అటు నుంచే జారిపోతుంది. అచ్చు కాగితం మీద పెడితే అక్షరాలు కనిపిస్తాయి. రెండోది, ఎంత ఊపినా నల్లగానే ఉండిపోయే భాగాలు. ఊపినప్పుడు నలుపు, వెలుగు చోట్లు మారుతుంటే ఫరవాలేదు. సగం రాయి ఎప్పుడూ చీకట్లోనే ఉంటే అది మరీ ముదురు రాయి, లేదా అడుగు మరీ లోతుగా కోసిన రాయి.

ఇంకో విషయం కూడా ఉంది. నీలానికి దిక్కును బట్టి రంగు మారే గుణం ఉంది. స్ఫటికం నిలువు అక్షం వెంట చూస్తే ఊదా కలిసిన నీలం, అడ్డంగా చూస్తే ఆకుపచ్చ కలిసిన నీలం. పనితనం తెలిసినవాడు రాయి పై ముఖం ఆ నిలువు అక్షానికి అడ్డంగా వచ్చేలా కోస్తాడు. అలా చేస్తే ఒక్కోసారి ముడిరాయిలో ఎక్కువ భాగం వృథా అవుతుంది. బరువు మీద ఆశతో వేరే దిక్కున కోసిన రాయి పైనుంచి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇక దాన్ని మార్చడానికి వీల్లేదు.

ప్రశ్న: ఒకే బరువున్న రెండు నీలాల్లో ఒకటి పెద్దగా, ఇంకొకటి చిన్నగా ఎందుకు కనిపిస్తాయి?

జవాబు: బరువు అడుగున దాక్కుంటుంది. అండాకారపు రాయి కారెట్లను అంచనా వేయడానికి చిన్న లెక్క ఉంది: పొడవు, వెడల్పుల సగటును దానితోనే గుణించి, వచ్చినదాన్ని లోతుతో, తరవాత 4తో, తరవాత 0.002తో గుణించాలి. కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి. 8 × 6 రాయి, లోతు 4 అయితే: 7 × 7 × 4 × 4 × 0.002, అంటే సుమారు 1.57 కారెట్లు. అదే ముఖం, లోతు 5.5 ఉంటే సుమారు 2.16. పైకి చూస్తే రెండూ ఒకటే. పొట్టలోని 0.6 కారెట్ వల్ల అందం పెరగదు, పైగా రంగు నల్లబడుతుంది. గుండ్రటి రాయికి 0.002 బదులు 0.0018 వాడండి. బరువుతో పాటు మిల్లీమీటర్ కొలతలు కూడా అడగండి.

కురువిందం వజ్రం కన్నా బరువైన పదార్థం. అందుకే ఒక కారెట్ గుండ్రటి వజ్రం 6.5 మి.మీ. ఉంటే, ఒక కారెట్ నీలం 6 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: మా దగ్గరున్న నీలాన్ని వేడి చేశారని చెప్పారు. అయితే అది నకిలీదా?

జవాబు: కాదు. అది భూమిలో పుట్టిన నీలమే. ఇప్పుడు బజారులో ఉన్న నీలాల్లో చాలావాటిని వేడి చేసే అమ్ముతున్నారు. అయితే ‘ట్రీట్‌మెంట్’ అన్న ఒక్క మాట కింద పూర్తిగా వేరువేరు పనులు దాక్కుంటాయి. అసలు చిక్కు అక్కడే.

మొదటిది కేవలం వేడి. శ్రీలంకలో గ్యూడా అనే పాలతెలుపు కురువిందాలు దొరుకుతాయి. వాటికి విలువ లేదని చాలాకాలం పక్కన పడేసేవారు. 1970లలో థాయ్‌లాండ్ వ్యాపారులు వాటిని కొని, కొలిమిలో వేడి చేసి నీలాలుగా మార్చారు. రహస్యం ఆ పాలతెలుపులోనే ఉంది. అది రూటైల్ అనే టైటానియం ఆక్సైడ్ సూదుల గుంపు. 1,600 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ సూదులు కరిగి, టైటానియం స్ఫటికంలో కలిసిపోతుంది. కొలిమిలో ఆక్సిజన్ తక్కువగా ఉంచితే అక్కడున్న ఇనుము నీలిరంగు పుట్టించే రూపంలోకి మారుతుంది. మొదటి జవాబులో చెప్పిన జంట కుదిరి, రాయి ఒకేసారి తేటగానూ నీలంగానూ అవుతుంది. ఆక్సిజన్ ఎక్కువ ఉంచితే ఈ రంగు మార్పు వెనక్కి నడిచి మరీ ముదురు రాయి లేతబడుతుంది. చల్లార్చేటప్పుడు మరీ నిదానిస్తే సూదులు మళ్లీ కట్టుకుంటాయి, తొందరపడితే రాయి పగులుతుంది. ఇలా వచ్చిన రంగు శాశ్వతం. ఎండకు, నీళ్లకు, ఏళ్లు గడిచినా పోదు.

రెండోది బయటి నుంచి రంగు చొప్పించడం. టైటానియం పొడిలో రాయిని పెట్టి చాలా గంటలు కాలుస్తారు. రంగు పైపొరలోనే, అర మిల్లీమీటర్ లోపే ఆగిపోతుంది. మళ్లీ సానపడితే కింద పాలిపోయిన రాయి బయటపడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: తెల్ల గిన్నెలో నీళ్లు పోసి రాయిని ముంచి చూడండి. ముఖాలు కలిసే అంచుల వెంట, నడుము చుట్టూ రంగు గీత గీసినట్టు ముదురుగా కనిపిస్తుంది. ల్యాబుల్లో నీళ్లకు బదులు మిథిలీన్ అయొడైడ్ అనే ద్రవం వాడతారు, అందులో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మూడోది బెరీలియం. 2000 తరవాతి మొదటి ఏళ్లలో బజారులోకి వచ్చింది. బెరీలియం పరమాణువు చాలా చిన్నది కాబట్టి రాయి లోతుకంటా వెళుతుంది. దీన్ని పసుపు, నారింజ రంగుల కోసం ఎక్కువగా వాడతారు. మరీ ముదురు నీలాలను లేతబరచడానికి కూడా వాడతారు. ముంచి చూస్తే చాలాసార్లు తెలియదు. లేజర్‌తో చిటికెడు కన్నా తక్కువ పదార్థాన్ని ఆవిరి చేసి కొలిచే పరికరాలున్న ల్యాబే తేల్చాలి.

నాలుగోది, మేం వద్దని గట్టిగా చెప్పేది: పగుళ్లలో కోబాల్ట్ కలిపిన సీసపు గాజు నింపడం. చూడ్డానికి చక్కటి నీలం. లోపల మాత్రం పగుళ్లు, గాజు. భూతద్దంలో చూస్తే పగుళ్ల వెంట మాత్రమే నీలం పేరుకుని, ఊపినప్పుడు పగుళ్ల లోంచి తళుక్కుమని వేరే రంగు మెరుపులు, చిన్న బుడగలు కనిపిస్తాయి. నిమ్మరసం లాంటి పులుపు తగిలినా ఆ గాజు చెడుతుంది. స్వర్ణకారుడి దీపం వేడికి కరిగి కారుతుంది.

కాబట్టి ‘వేడి చేశారా?’ అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ‘వేడి ఒక్కటేనా, ఇంకేమైనా చేర్చారా?’ అని అడగండి. ఆ జవాబు బిల్లు మీద రాయించుకోండి.

ప్రశ్న: అసలో నకిలీయో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉందా? గాజు మీద గీస్తే తెలుస్తుందంటారు.

జవాబు: గీయకండి. గాజును గీసే పదార్థాలు చాలా ఉన్నాయి. సింథటిక్ నీలం, అంటే మనిషి తయారుచేసిన నీలం కూడా గీస్తుంది. పైగా ఆ పనిలో రాయి అంచు చిట్లవచ్చు. ఇంట్లో చేయదగ్గవి రెండే ఉన్నాయి.

మొదటిది నీళ్లలో తూకం. పొదగని రాయి, 0.01 కారెట్ చూపే తక్కెడ కావాలి. తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని ముందు పొడిగా విడిగా తూచండి. తరవాత సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగునూ గోడలనూ తాకకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు తక్కెడ చూపేది రాయి తోసిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగించండి. 3.20 కారెట్ల రాయి 0.80 చూపిస్తే జవాబు 4.00, అది కురువిందమే. నీలంలా కనిపించే వేరే రాళ్లలో టాంజనైట్ అయితే 3.35 దగ్గర, ఐయొలైట్ అయితే 2.6 దగ్గర వస్తుంది. నీలి సింథటిక్ స్పినెల్‌కు 3.6 పైన వస్తుంది. రాయికి అంటుకున్న గాలి బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది, అందుకే నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి, రాయిని కుంచెతో తుడిచి ముంచండి. కారెట్ కన్నా చిన్న రాయికి ఈ పద్ధతి నమ్మకం కాదు.

అయితే ఈ తూకం కురువిందమా కాదా అన్నది మాత్రమే చెబుతుంది. మనిషి తయారుచేసిన కురువిందానికీ 4.00 వస్తుంది. వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పొడిని మంటలో కరిగించి కెంపు పెంచే పద్ధతిని 1902లో ప్రకటించాడు. కొన్నేళ్లలోనే అదే దారిలో నీలం కూడా వచ్చింది. అంటే తాతల కాలం నాటి నగలోది కాబట్టి సహజమే అయి ఉంటుందన్న ధీమా పనికిరాదు.

ఇక్కడే రెండో పరీక్ష: పది రెట్ల భూతద్దం, తెల్ల కాగితం, నీళ్ల గిన్నె. భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దగ్గరికి జరుపుతూ, వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. భూమిలో స్ఫటికం చదునైన ముఖాలతో పొర మీద పొరగా పెరుగుతుంది కాబట్టి రంగు చారలు తిన్నగా, 120 డిగ్రీల మలుపులతో ఉంటాయి. మంటలో కరిగి గుండ్రటి తలతో పెరిగిన రాయిలో చారలు గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు తిరిగి ఉంటాయి. గుండ్రటి గాలి బుడగలు కూడా ఉండవచ్చు. వంపు చారలు కనిపిస్తే మారుమాట లేదు, సింథటిక్. ఏ చారలూ లేకుండా, లోపల ఏమీ లేకుండా, పెద్దదిగా, మచ్చలేని నీలం కనిపిస్తే సంతోషపడే ముందు అనుమానపడండి.

అతుకు రాళ్లు కూడా ఉన్నాయి. పైన పలచని సహజ కురువిందం, కింద సింథటిక్ లేదా గాజు. పైనుంచి భూతద్దంలో చూస్తే సహజ సూదులు కనిపిస్తాయి కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడతారు. నీళ్లలో ముంచి పక్కనుంచి చూస్తే అతుకు గీత, ఒకే తలంలో పరుచుకున్న బుడగలు బయటపడతాయి. నగలో పొదిగి, వెనకవైపు పూర్తిగా మూసేసిన రాయి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ప్రశ్న: ల్యాబ్ రిపోర్టులో ఏం చూడాలి?

జవాబు: మూడు మాటలు. మొదట ‘నేచురల్’ అని ఉందా. తరవాత వేడి సంగతి: వేడి చేసిన ఆనవాళ్లు లేవని రాశారా, ఉన్నాయని రాశారా. ఆ గడి ఖాళీగా ఉంటే అది పరీక్షించని రిపోర్టు అనే అనుకోండి. మూడోది బరువు, కొలతలు మీ చేతిలోని రాయికి సరిపోతున్నాయా. పాత రిపోర్టును వేరే రాయికి జతచేసి అమ్మడం తేలికైన మోసం. పుట్టిన చోటు గురించి రాసింది ల్యాబు అభిప్రాయం. ఒకే రాయికి రెండు ల్యాబులు రెండు దేశాలు చెప్పవచ్చు. మడగాస్కర్, శ్రీలంక రాళ్ల మధ్య తేడా చెప్పడం నిపుణులకు కూడా కష్టమైన పని.

ప్రశ్న: రోజూ పెట్టుకునే ఉంగరానికి నీలం పనికొస్తుందా?

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. కాఠిన్యం మోస్ కొలతలో 9, పైన వజ్రమే ఉంది. దుమ్ములోని ఇసుక రేణువుల కాఠిన్యం 7, అవి నీలాన్ని గీయలేవు. కానీ వజ్రం గీస్తుంది, అందుకే రెండింటినీ ఒకే పెట్టెలో కలిపి పడేయకండి. నీలం కూడా ముత్యాన్ని, ఓపల్‌ను గీస్తుంది. గోరువెచ్చని నీళ్లు, తేలిక సబ్బు, మెత్తని కుంచె చాలు. రాయి వెనకవైపు పేరుకున్న జిడ్డు తీసేస్తే పోయిందనుకున్న మెరుపు తిరిగి వస్తుంది. పగుళ్లున్న రాయిని, గాజు నింపిన రాయిని నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రంలో పెట్టనివ్వకండి.

ప్రశ్న: ఉంగరం సైజు పెంచడానికి ఇస్తే నీలం మసకబారి తిరిగొచ్చింది. వేడికి తట్టుకునే రాయే కదా?

జవాబు: వేడి ఒక్కటే అయితే తట్టుకునేది. అతుకు వేసేటప్పుడు బంగారం నల్లబడకుండా వెలిగారం లేదా బోరిక్ ఆమ్లం పూస్తారు. వజ్రాల నగకైతే అది మంచిదే. కురువిందం మీద మాత్రం మంట వేడికి బోరాన్ పదార్థం రాయి ఉపరితలాన్ని తినేస్తుంది. మీరు చూసిన మసక అదే. లోతుగా లేకపోతే మళ్లీ మెరుగు పెట్టిస్తే పోతుంది, బరువు కొద్దిగా తగ్గుతుంది. రంగు చొప్పించిన రాయి అయితే మెరుగు పెట్టించకండి, ఉన్న రంగూ పోతుంది. ఇకమీదట మంట పని ఉన్నప్పుడల్లా రాయిని ముందు ఊడదీయమని చెప్పండి. అలా వీలుకాకపోతే లేజర్ అతుకు వేసే చోటికి ఇవ్వండి. లేజర్ వేడి సూది మొనంత చోటికే పరిమితం. ఇంకో మాట: వేడిగా ఉన్న నగను నీళ్లలో ముంచితే లోపల పగులున్న రాయి అక్కడికక్కడే చిట్లవచ్చు.

ప్రశ్న: నక్షత్ర నీలంలో నక్షత్రం నిజమైనదని ఎలా తెలుస్తుంది?

జవాబు: పైన చెప్పిన రూటైల్ సూదులే ఇక్కడ అందానికి కారణం. అవి స్ఫటికంలో మూడు దిక్కుల్లో, 60 డిగ్రీల తేడాతో వరసకట్టి ఉంటాయి. రాయిని ముఖాలు లేకుండా బోర్లించిన గిన్నెలా నున్నగా కోస్తే, ఒక్కో వరస ఒక్కో వెలుగు గీతను పుట్టిస్తుంది. మూడు గీతలు ఒకదాన్నొకటి దాటితే ఆరు రేకల నక్షత్రం. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉన్న ‘స్టార్ ఆఫ్ ఇండియా’ బరువు 563.35 కారెట్లు. పేరులో ఇండియా ఉన్నా అది శ్రీలంక రాయి.

ఇలాంటి రాయిని వేడి చేస్తే సూదులు కరిగి నక్షత్రం పోతుంది. సింథటిక్ నక్షత్ర రాళ్లు 1947 నుంచి అమ్మకంలో ఉన్నాయి. పోల్చడానికి గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పి, ఒక్క టార్చి వెలిగించండి. రెండు మూడు దీపాలుంటే ఒక్కోదానికి ఒక్కో నక్షత్రం కనబడి గందరగోళమవుతుంది. సహజ రాయిలో నక్షత్రం లోపలి నుంచి తేలి వచ్చినట్టుంటుంది. గీతల అంచులు కాస్త చెదిరి ఉంటాయి, ఒక రేక ఇంకోదాని కన్నా పొట్టిగా ఉండవచ్చు. సింథటిక్‌లో పైన సున్నంతో గీసినట్టు, ఆరూ సమానంగా, కొస వరకూ చురుగ్గా ఉంటాయి. తరవాత రాయిని తిరగేయండి. సహజ రాయి అడుగు సాధారణంగా గరుకుగా, మెరుగు లేకుండా, కాస్త ఉబ్బుగా ఉంటుంది. అడుగు చదునుగా, నున్నగా ఉంటే భూతద్దం తీసి వంపు చారల కోసం వెతకండి.